వర్గమూలం కట్టడం కారణంతో సహా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల విద్యా పేజీల్లోనూ పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ‘క్షణంలో వర్గమూలం’ అంటూ వస్తున్న చిట్కాల గురించి ఈ ఉత్తరం. ఆ చిట్కాలు తప్పని మేం అనడం లేదు. ఏ సంఖ్యలకు చెల్లుతాయో చెప్పకుండా అచ్చువేస్తే పిల్లలు మోసపోతున్నారు. వాటితో పాటు, నిజానికి వాటికంటే ముందు, చేతితో వర్గమూలం కట్టే పద్ధతులను కారణంతో సహా నేర్పాలని మా విన్నపం. ఉత్తరం కాస్త పొడవే. అంకెలు వేసి చూపకపోతే ఈ విషయం ఎవరికీ పట్టదు.

అందరికీ తెలిసిన చిట్కా ఇది. 7396కి వర్గమూలం కావాలి. చివరి అంకె 6 కాబట్టి మూలం 4తో గానీ 6తో గానీ ముగియాలి. చివరి రెండంకెలు తీసేస్తే మిగిలేది 73. అది 64కీ 81కీ మధ్య ఉంది కాబట్టి పదుల స్థానంలో 8. ఇక 84 కావాలి, లేదా 86 కావాలి. 8ని దాని పక్కనున్న 9తో గుణిస్తే 72. మన 73 అంతకంటే పెద్దది కాబట్టి రెండింట్లో పెద్దది, 86. సరిచూస్తే 86 × 86 = 7396. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు అదే చిట్కాను 7394 మీద నడిపి చూడండి. చివర 4 ఉంది కాబట్టి 2 లేదా 8. పదుల్లో 8. 73 ఇంకా 72 కంటే పెద్దదే కాబట్టి 88. కానీ 88 వర్గం 7744! అసలు మూలం 85.988. సంఖ్య రెండు తగ్గింది, జవాబు రెండు పెరిగింది. దారిలో ఎక్కడా లెక్క ఆగలేదు, అనుమానం కూడా కలగలేదు. మూలం పూర్ణాంకమని ముందే తెలిస్తేనే చివరి అంకెను పట్టుకుని వెనక్కి వెళ్లగలం. దశాంశాలతో నడిచే మూలానికి ‘చివరి అంకె’ అనేదే లేదు.

సంఖ్య పరిపూర్ణ వర్గమో (అంటే ఏదైనా పూర్ణాంకానికి వర్గమో) కాదో ముందుగా తేల్చుకుంటే సరిపోతుంది కదా అని కొందరు అంటారు. కొంతవరకు తేల్చవచ్చు. 2, 3, 7, 8 అంకెలతో ముగిసేది పరిపూర్ణ వర్గం కాదు. చివర బేసి సంఖ్యలో సున్నాలున్నా కాదు. అంకెలన్నీ కూడుతూ ఒక్క అంకెకు తెస్తే 1, 4, 7, 9లలో ఒకటి రావాలి. 7394కి 23, దాన్ని మళ్లీ కూడితే 5, కాబట్టి కాదు. అయితే ఈ పరీక్షలు కాదని చెప్పగలవే తప్ప అవునని చెప్పలేవు. 34 చూడండి. చివర 4, అంకెల మొత్తం 7. రెండు పరీక్షలూ దాటింది, అయినా వర్గం కాదు.

పైగా పరీక్ష పేపరు దాటి బయటికి వస్తే పరిపూర్ణ వర్గాలు అరుదు. మన విశాఖలో మధురవాడలోనైనా గాజువాకలోనైనా స్థలం బేరం గజాల్లో నడుస్తుంది, కొలత మాత్రం అడుగుల టేపుతో. 200 గజాల స్థలమంటే 1800 చదరపు అడుగులు. అది సరిగ్గా చతురస్రమైతే ఒక్కో పక్క ఎంత? పిల్లలకు ఈ లెక్క ఇస్తే వర్గమూలం అసలు ఏం చేస్తుందో కళ్లకు కడుతుంది. అందుకే భాగహార పద్ధతిని ఈ స్థలం మీదే చూపిస్తాం.

ముందు జతలు కట్టాలి. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రెండేసి అంకెలు: 18, 00. ఎందుకు రెండేసి? మూలం పదిరెట్లయితే వర్గం నూరురెట్లవుతుంది. మూలంలో ఒక్క స్థానం పెరిగితే వర్గంలో రెండు స్థానాలు పెరుగుతాయి. కాబట్టి ఒక్కో జత మూలంలో ఒక్కో అంకెను ఇస్తుంది. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా ‘జతలు గీయండి’ అని వదిలేస్తున్న చోటే సగం తప్పులు పుడుతున్నాయి.

18లో ఇమిడే పెద్ద వర్గం 16. మూలంలో మొదటి అంకె 4, అంటే 40 అడుగులు. స్థలంలో 40 × 40 ముక్క కోసేశాం, 1600 చదరపు అడుగులు పోయాయి. మిగిలింది 200. ఈ 200 చదరపు అడుగులను ఆ ముక్క చుట్టూ చతురస్రం చెడకుండా పేర్చాలి. కుడి పక్క 40 అడుగుల పొడవున ఒక పట్టీ, పై పక్క 40 అడుగుల పొడవున ఇంకో పట్టీ, రెండూ కలిసే మూలలో ఒక చిన్న చతురస్రం. మూడింటి వెడల్పూ ఒకటే. వాటిని వరసగా ఒకదాని పక్కన ఒకటి పరిస్తే 80 అడుగులకు ఆ వెడల్పు కూడా కలిపినంత పొడవు ఉన్న ఒకే పట్టీ అవుతుంది. వెడల్పు 2 అనుకుంటే 82 × 2 = 164, సరిపోతుంది. 3 అనుకుంటే 83 × 3 = 249, చాలదు. కాబట్టి 2.

బడిలో ‘మూలాన్ని రెట్టింపు చేసి పక్కన ఖాళీ పెట్టు, ఆ ఖాళీలో ఏ అంకె వేస్తే అదే అంకెతో గుణించు’ అని చెప్పే మంత్రానికి అర్థం ఇదే. రెట్టింపు ఎందుకంటే పట్టీలు రెండు. పక్కన అంకె ఎందుకంటే మూలలో చిన్న చతురస్రం ఉంది. ఈ బొమ్మ బోర్డు మీద గీయడానికి రెండు నిమిషాలు చాలు. బొమ్మ చూసిన పిల్లలు 8 పక్కన 2 రాయడానికి బదులు 8నీ 2నీ కూడి 10 చేసే తప్పు చేయరు.

200లోంచి 164 పోతే 36. ఇప్పుడు మూలం 42, శేషం 36. దశాంశ బిందువు పెట్టి ఒక జత సున్నాలు దించితే 3600. మూలం మొత్తాన్ని రెట్టింపు చేస్తే 84. దీనికి ఒక సులువు ఉంది. ఇందాకటి భాజకం 82కి ఇందాక వేసిన అంకె 2 కలిపితే 84 అదే వస్తుంది, ప్రతిసారీ మొదటినుంచి రెట్టింపు చేయనక్కర్లేదు. 844 × 4 = 3376, శేషం 224. మళ్లీ 00 దించితే 22400. భాజకం 844కి 4 కలిపి 848. 8482 × 2 = 16964, శేషం 5436. ఇంకోసారి దించితే 543600. 84846 × 6 = 509076, శేషం 34524. మూలం 42.426 దాకా వచ్చింది. అంటే పక్క 42 అడుగుల 5 అంగుళాల పైన ఎనిమిదో వంతు అంగుళం. టేపుతో కొలిచే పనికి ఇంతకంటే అక్కర్లేదు.

తర్వాతి అంకె ఏదో ఊహించడానికి రెండువైపులా చివరి అంకె వదిలేసి భాగించాలి. 3600కి 360ని 84తో భాగిస్తే 4, 22400కి 2240ని 848తో భాగిస్తే 2. మూలంలో రెండు మూడంకెలు వచ్చాక ఈ ఊహ దాదాపు ఎప్పుడూ నిలుస్తుంది. మొదటి మెట్టులోనే మోసం చేస్తుంది. 289 తీసుకోండి. మొదటి అంకె 1, శేషం 1, దించితే 189. 18ని 2తో భాగిస్తే 9. కానీ 29 × 9 = 261, ఎక్కువైంది. 28 × 8 = 224, ఇంకా ఎక్కువే. 27 × 7 = 189, సరిపోయింది. 361కైతే 26ని 2తో భాగిస్తే 13 వస్తుంది, వేయాల్సింది 9. భాజకం చిన్నదిగా ఉన్నప్పుడు మూలలోని చిన్న చతురస్రం పట్టీలతో పోలిస్తే పెద్దది, దాన్ని వదిలేసి ఊహిస్తే ఊహ ఎక్కువగా వస్తుంది. ఊహ తప్పితే కిందికే దిగాలి, పైకి ఎక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

పిల్లలు ఎక్కువగా తడబడేది శేషం దగ్గర. మామూలు భాగహారంలో శేషం భాజకం కంటే చిన్నదిగా ఉండాలని వాళ్లకు నూరిపోస్తాం. ఇక్కడ నియమం వేరు. శేషం మూలానికి రెట్టింపు వరకు ఉండొచ్చు, అంతకు మించకూడదు. 35కి మూలం 5, శేషం 10. 5 కంటే 10 పెద్దదని భయపడి 6 వేస్తే 36 అయిపోతుంది. ఏ సంఖ్య వర్గానికైనా దాని రెట్టింపూ ఒకటీ కలిపితే తర్వాతి సంఖ్య వర్గం వస్తుంది కాబట్టి హద్దు అక్కడ పడింది. ఈ హద్దు తెలిస్తే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. 3600 దగ్గర ఎవరైనా 843 × 3 = 2529 వేస్తే శేషం 1071 మిగులుతుంది. మూలం 423, దాని రెట్టింపు 846. శేషం దాటిపోయింది, అంకె ఇంకా పెరగాలి. పదోతరగతి దాకా వచ్చినా ఈ ఒక్క వాక్యం వినని పిల్లలు చాలామంది.

సున్నా దగ్గర ఇంకో గొయ్యి ఉంది. 164025కి జతలు 16, 40, 25. మొదటి అంకె 4, శేషం లేదు. 40 దించితే భాజకం 8 పక్కన 1 వేసినా 81, అది 40లో పోదు. అప్పుడు మూలంలో 0 రాయాలి, భాజకంలోనూ 0 రాసి 80 చేయాలి, ఆ తర్వాతే 25 దించాలి. 805 × 5 = 4025, సరిగ్గా పోయింది. మూలం 405. మూలంలో సున్నా రాయడం మరచినవాళ్లకు 45 వస్తుంది. మూడు జతలుంటే మూలంలో మూడంకెలు ఉండి తీరాలని ముందే లెక్కపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదం నాలుగో శ్లోకంలో ఇదే పనిని ఒక్కో అంకె దించుతూ చెప్పాడు. స్థానాలను ఒకట్ల నుంచి ఒకటి విడిచి ఒకటి వర్గ, అవర్గ స్థానాలుగా విడదీసి, అవర్గ స్థానంలో మూలం రెట్టింపుతో భాగించి, తర్వాతి వర్గ స్థానంలో ఆ లబ్ధం వర్గాన్ని తీసేయమన్నాడు. మన 1800 మీదే చూడండి. 18లో 16 పోతే 2. ఒక సున్నా దించితే 20. దాన్ని 8తో భాగిస్తే 2, శేషం 4. ఇంకో సున్నా దించితే 40. అందులో 2 వర్గం 4 పోతే 36. ఇందాక వచ్చిన 36 ఇదే. మళ్లీ 360ని 84తో భాగిస్తే 4, శేషం 24, దించితే 240, అందులో 16 పోతే 224. పట్టీలు ఒక మెట్టులో, మూల చతురస్రం ఇంకో మెట్టులో పోతున్నాయి. వర్గం తీయడానికి చాలకపోతే లబ్ధాన్ని ఒకటి తగ్గించాలి. పెద్ద గుణకారాలు లేవు, ఎక్కాలు వస్తే చాలు. చిన్న తరగతుల్లో మొదట ఈ రూపమే నేర్పి, చేయి తిరిగాక రెండు మెట్లూ కలిపేయమంటే బాగుంటుందని మా నమ్మకం. వర్గమూలం మన తెలుగు చదువులకు కొత్త కాదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో వర్గమూలం ఎనిమిది పరికర్మల్లో, అంటే మౌలిక గణిత క్రియల్లో, ఒకటి.

ఇక రెండో పద్ధతి. దీన్ని బడిలో దాదాపు వదిలేశారు. ఉజ్జాయింపుగా ఒక సంఖ్య అనుకోండి. దాంతో అసలు సంఖ్యను భాగించండి. అనుకున్నదానికీ వచ్చినదానికీ సగటు తీయండి. ఆ సగటుతో మళ్లీ అదే పని చేయండి. 1800కి 42తో మొదలుపెడితే 1800 ÷ 42 = 42.8571. సగటు 42.4286. రెండోసారి 1800 ÷ 42.4286 అంటే 42.4242, సగటు 42.4264. రెండే మెట్లు. దశాంశాలు ఇంకా నిలుపుకుంటూ వెళితే రెండో మెట్టులోనే 42.4264069 వస్తుంది, తప్పు ఎనిమిదో దశాంశ స్థానంలో.

ఎందుకు పనిచేస్తుందంటే, అనుకున్నది మూలం కంటే ఎక్కువైతే భాగఫలం తక్కువ వస్తుంది, తక్కువైతే ఎక్కువ వస్తుంది. అసలు మూలం ఎప్పుడూ రెండింటి మధ్యే ఇరుక్కుని ఉంటుంది. సగటు మాత్రం ప్రతిసారీ మూలం కంటే ఒక్క పిసరు ఎక్కువే ఉంటుంది. ఆ పిసరు ఎంతో కూడా చెప్పొచ్చు: ముందున్న తేడా వర్గాన్ని, అనుకున్న సంఖ్య రెట్టింపుతో భాగిస్తే వచ్చేంత. అందుకే ప్రతి మెట్టులో సరైన అంకెలు దాదాపు రెట్టింపవుతాయి. అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో 720కి 27తో మొదలుపెట్టి ఇలాగే 26 5/6 తెచ్చాడు. దాని వర్గం 720 కంటే 1/36 మాత్రమే ఎక్కువ. యజ్ఞవేదికల కొలతలు చెప్పే బౌధాయన శుల్బసూత్రంలో, పక్క ఒకటైన చతురస్రం కర్ణానికి ఇచ్చిన విలువ, ఒకటికి మూడోవంతు, పన్నెండోవంతు కలిపి అందులో 408వ వంతు తీసేసినది, 577/408 అవుతుంది. 2కి 3/2తో మొదలుపెట్టి రెండుసార్లు సగటు తీయండి, 17/12, ఆ తర్వాత సరిగ్గా ఇదే 577/408 వస్తుంది.

ఈ పద్ధతికి ఇంకో గొప్ప గుణం ఉంది. మధ్యలో తప్పు దొర్లినా తనే సర్దుకుంటుంది. ఇందాకటి 42.4286 బదులు బద్ధకించి 42.4 అని వేశారనుకోండి. 1800 ÷ 42.4 = 42.4528, సగటు 42.4264. ఏమీ చెడలేదు. భాగహార పద్ధతిలో ఒక్క అంకె తప్పితే ఆ తర్వాతి అంకెలన్నీ తప్పే. అయితే సగటు పద్ధతిలో పొడవైన దశాంశాలతో భాగించాలి, అది విసుగు పని. మొదటి ఊహ కూడా బాగుండాలి. 1800కి 1తో మొదలుపెడితే 900.5, 451.2, 227.6, 117.8, 66.5, 46.8, 42.6 అంటూ ఏడు మెట్లు దిగితే గానీ దగ్గరికి రాం. కాబట్టి ముందు జతలు కట్టి మొదటి ఒకటి రెండు అంకెలు తెచ్చుకుని, ఆపైన సగటు తీయడం మంచి దారి.

రెండు పద్ధతులూ కలిపితే పని మరీ తేలిక. భాగహారంలో 42.42 దాకా వెళ్లారు, శేషం 5436, స్థానం చూసుకుంటే 0.5436. ఇక ఖాళీలూ గుణకారాలూ ఆపేసి ఆ శేషాన్ని మూలం రెట్టింపుతో, 84.84తో మామూలుగా భాగించండి. 0.006407 వస్తుంది. కలిపితే 42.426407. నాలుగంకెలు కష్టపడి తెస్తే ఇంకో నాలుగంకెలు ఒక్క భాగహారంతో వచ్చాయి.

పరీక్షల్లో అక్కరకు వచ్చేది ఈ సంగతే. జేఈఈ మెయిన్‌లో, నీట్‌లో, ఏపీ ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటర్ లేదు. భౌతికశాస్త్రంలో 15 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు వేగానికి √(2 × 9.8 × 15), అంటే √294 కావాలి. 17 వర్గం 289, శేషం 5. 5ని 34తో భాగిస్తే 0.147, కాబట్టి 17.147. అసలు విలువ 17.146. శేషాన్ని మూలం రెట్టింపుతో భాగిస్తే జవాబు కొంచెం ఎక్కువ వస్తుంది, రెట్టింపుకు ఒకటి కలిపి 35తో భాగిస్తే కొంచెం తక్కువ, 17.143 వస్తుంది. నిజం రెండింటి మధ్య. ఐచ్ఛికాలు దూరదూరంగా ఉంటే ఇంతకంటే ఏం కావాలి? మూలం చిన్నదైతే మాత్రం ఈ రెండు హద్దులూ దూరంగా జరుగుతాయి. 3కి 1తో మొదలుపెడితే 1.67, 2 అనే హద్దులు వస్తాయి. అక్కడ పైనుంచి దిగాలి: 2 వర్గం 4, ఒకటి ఎక్కువైంది, ఆ ఒకటిని 2 రెట్టింపైన 4తో భాగించి, వచ్చిన 0.25ని 2లోంచి తీస్తే 1.75. అసలు 1.732.

సమీప పూర్ణాంకం రాయమన్నప్పుడు ఇంకా సులువు. శేషం మూలం కంటే పెద్దదైతే పైకి, లేకపోతే అక్కడే. 1800కి మూలం 42, శేషం 36. 36 చిన్నది కాబట్టి 42. దశాంశం ఒక్కటి కూడా వేయనక్కర్లేదు.

దశాంశ బిందువున్న సంఖ్యల దగ్గర మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. చతురస్రమైతే పక్క ఎంత? చాలామంది బిందువును మరచి 4356 అనుకుంటారు. అది 66 వర్గం అని గుర్తుపట్టి సంతోషపడి 6.6 అని రాస్తారు. ఆరున్నర అడుగుల పక్కతో సెంటు స్థలం వస్తుందా! జతలు బిందువు నుంచి ఎడమకూ కుడికీ రెండు వైపులకూ కట్టాలి: 4, 35, బిందువు, 60. కుడివైపు ఒంటరి అంకె మిగిలితే సున్నా చేర్చాలి. ఎడమవైపు ఒంటరిగా మిగిలితే అలాగే ఉంచాలి. ఇలా కడితే 20.87 అడుగులు వస్తుంది. 6.6 అనేది 43.56కి మూలం. అలాగే √0.9 అంటే 0.3 అని రాసేవాళ్లు కోకొల్లలు. 0.9ని 0.90గా జతకట్టాలి, మూలం 0.9487. ఒకటి కంటే చిన్న సంఖ్యకు మూలం ఆ సంఖ్య కంటే పెద్దదిగా ఉంటుందని ఒక్కసారి గుర్తుచేస్తే చాలు.

ప్రధాన కారణాంకాల పద్ధతి గురించి ఎక్కువ చెప్పం. పరిపూర్ణ వర్గాలకు అది చక్కగా పనిచేస్తుంది, తక్కిన వాటిని నేరుగా తేల్చదు. కానీ మొదలుపెట్టే ముందు సంఖ్యను ఒకసారి తేరిపార చూసే అలవాటు దాన్నుంచే రావాలి. 1800 అంటే 900 × 2. అంటే 30ని √2తో గుణించడమే, 30 × 1.41421 = 42.426. పైన ఇంత చాకిరీ చేసిన లెక్క ఒక్క వరసలో అయిపోయింది. √2, √3, √5, √10 విలువలు నాలుగైదు దశాంశాల దాకా నోటికి వచ్చిన పిల్లలకు సగం లెక్కలు ఇలాగే విడిపోతాయి. సెంటు లెక్క కూడా అంతే: 6.6 × √10 = 6.6 × 3.1623 = 20.871.

సరిచూడటం మానకూడదు. వచ్చిన మూలాన్ని వర్గం చేసి శేషం కలిపితే అసలు సంఖ్య రావాలి: 4242 వర్గం 17994564, దానికి 5436 కలిపితే 18000000. అంత గుణకారం చేసే తీరిక లేకపోతే అంకెల మొత్తాలతో చూడండి. 4242 మొత్తం 12, మళ్లీ కూడితే 3, దాని వర్గం 9. 5436 మొత్తం 18, అంటే 9. రెండూ కలిపితే 18, మళ్లీ 9. 18000000 మొత్తం కూడా 9. కుదిరింది. అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టుకోలేదు, కానీ చేతి తప్పుల్లో చాలా భాగం దొరుకుతాయి.

ఇదంతా చదువుల వరకే అనుకోకండి. 150 గజాల స్థలం 30 × 45 అడుగులు ఉంటే, పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూలలు సరిగ్గా మట్టానికి వచ్చాయో లేదో చూడటానికి మూల నుంచి మూలకు టేపు పడతారు. ఆ కొలత √2925. 54 వర్గం 2916, శేషం 9, దాన్ని 108తో భాగిస్తే 0.083. అంటే 54 అడుగుల 1 అంగుళం. రెండు వైపులా అదే రావాలి. బీచ్ రోడ్డులో కళ్లు సముద్రమట్టం నుంచి 20 మీటర్ల ఎత్తున ఉండేలా డాబా మీద నిలబడితే సముద్రం ఆకాశంతో కలిసే గీత ఎన్ని కిలోమీటర్ల దూరమో కూడా వర్గమూలమే చెబుతుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే చాలు, సుమారు 16 కిలోమీటర్లు. కంచరపాలెం ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చేరే పిల్లలకు ఇలాంటి లెక్కలే రోజూ ఎదురవుతాయి.

మీ పత్రికకు మా విన్నపాలు రెండు. చివరి అంకె చిట్కా వేసిన ప్రతిసారీ ‘పరిపూర్ణ వర్గాలకు మాత్రమే’ అని అదే అక్షర పరిమాణంలో పక్కన వేయండి. భాగహార పద్ధతి అచ్చువేసేటప్పుడు అంకెలను గళ్లలో పెట్టండి, ఒక్కో గడికి ఒక్కో అంకె. మామూలు పేరాలా పేరిస్తే కాలమ్ ఇరుకై అంకెలు పక్కకు జరుగుతాయి, 8 పక్కన ఉండాల్సిన 2 ఇంకెక్కడో పడుతుంది, చదివే పిల్లవాడికి పద్ధతే తప్పనిపిస్తుంది. ఉపాధ్యాయులు కూడా ఈ పాఠానికి గళ్ల పుస్తకమే వాడమంటే మంచిది.

వారానికి ఒక్క లెక్క వేసినా చాలు, మూడు దారుల్లోనూ చేసి చూపాలి. మొదటి వారానికి అయిదు సెంట్ల చతురస్ర స్థలం వేయొచ్చు, 2178 చదరపు అడుగులు. భాగహార పద్ధతిలో 46.669 దగ్గర శేషం 4439 మిగలాలి. 47తో మొదలుపెట్టి సగటు తీస్తే మొదటి మెట్టులో 46.6702, రెండో మెట్టులో 46.66905 రావాలి. 2178 అంటే 2 × 1089, 1089 అంటే 33 వర్గం, కాబట్టి 33ని √2తో గుణించినా అదే 46.669 రావాలి. అడుగుల్లో 46 అడుగుల 8 అంగుళాలు.

ఇట్లు,
కొందరు గణిత ఉపాధ్యాయులు,
విశాఖపట్నం